ఆవిరి లేకుండా విద్యుదయస్కాంత తరంగాలతో చిక్కటి చమురు తీయడం: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు?

కొత్తరిగ్

అందరికీ నమస్కారం. చిక్కటి ముడి చమురు వెలికితీత మీద సెమినార్ ఇవ్వాల్సి ఉండి చదువుతున్నాను. ఏ పుస్తకం తెరిచినా ఆవిరి పద్ధతులకే పేజీలన్నీ పోతున్నాయి. విద్యుదయస్కాంత తాపనానికి చివర్లో ఒక్క పేరా, అందులో "ఆశాజనకమైన పద్ధతి" అన్న మాట. 1970ల నుంచీ ప్రయోగాలు జరుగుతున్న పద్ధతి ఇప్పటికీ ఆశల దగ్గరే ఉందంటే ఏదో గట్టి అడ్డంకి ఉండాలి. అది భౌతికశాస్త్రంలో ఉందా, ఖర్చులో ఉందా, పరికరాల్లో ఉందా? క్షేత్రంలో పనిచేసినవారు చెబితే బాగుంటుంది.

లోతుబావి

మంచి ప్రశ్న. ముందు వేడి ఎందుకు కావాలో చూద్దాం. కెనడాలో ఆల్బర్టా రాష్ట్రంలోని అథబాస్కా ప్రాంతపు బిట్యుమెన్, అంటే తారు లాంటి చమురు, భూమిలోని ఇసుక పొరలో సహజంగా 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఆ స్థితిలో దాని స్నిగ్ధత, అంటే పారకుండా ఆపే చిక్కదనం, పది లక్షల సెంటీపాయిజ్‌లు దాటుతుంది. నీటిది సుమారు 1. అదే బిట్యుమెన్‌ను 200 డిగ్రీలకు తీసుకెళితే 10 సెంటీపాయిజ్‌ల స్థాయికి దిగి ధారగా పారుతుంది. కాబట్టి అసలు పని అంతా ఆ వేడిని పొరలోకి చేర్చడమే.

ఇంజనీరు రోజర్ బట్లర్ 1970ల చివర్లో రూపొందించిన పద్ధతిలో ఒకదాని కింద ఒకటిగా, సుమారు 5 మీటర్ల ఎడంతో, అడ్డంగా సాగే రెండు సమాంతర బావులు తవ్వుతారు. పై బావిలోంచి ఆవిరి పంపితే, కరిగిన చమురు, చల్లబడిన నీరు బరువుకు కిందికి జారి కింది బావిలో చేరతాయి. 1987లో ఆల్బర్టాలోని భూగర్భ పరీక్షా కేంద్రంలో దీన్ని నిరూపించారు. ఆ తర్వాత ఆ ప్రాంతమంతా అదే ప్రధాన పద్ధతి అయింది.

విద్యుదయస్కాంత తాపనం పోటీ పడాల్సింది ఈ పద్ధతితో. ఇంత బాగా కుదురుకున్నదాన్ని పక్కకు నెట్టడం తేలిక కాదు. అందుకే నేను ప్రశ్ననే మారుస్తాను: ఆవిరి వెళ్లలేని చోటు ఏది? పొర పదిమీటర్ల కంటే పలచగా ఉంటే ఆవిరి వేడిలో పెద్ద భాగం పైకప్పు రాతికే పోతుంది. బావి మరీ లోతైతే దారిలోనే వేడి తగ్గిపోతుంది. పొర పీడనం 22 మెగాపాస్కల్‌లు దాటితే నీటికి గుప్తోష్ణమే (ఆవిరి మళ్లీ నీరయ్యేటప్పుడు విడిచే వేడి) మిగలదు, ఆవిరికి ఉన్న అసలు బలం అదే. పైకప్పు రాయి పలచనిదైతే పీడనంతో ఆవిరి పంపడమే ప్రమాదం. 2006 మేలో ఆల్బర్టాలోని జాస్లిన్ క్రీక్ దగ్గర ఆవిరి నేలను చీల్చుకుని బయటికొచ్చింది. అలాంటి చోట్ల పీడనం పెంచకుండా వేడి చేయగలిగే పద్ధతికి విలువ ఉంది.

తరంగం

నేను రేడియో ట్రాన్స్‌మిటర్ల వైపు నుంచి ఈ రంగంలోకి వచ్చాను, ఆ కోణంలో చెబుతాను.

"విద్యుదయస్కాంత తాపనం" అని ఒకే గాటన కట్టడం వల్ల చాలా గందరగోళం వస్తోంది. మూడు వేర్వేరు పద్ధతులకు అది ఉమ్మడి పేరు. మామూలు 50, 60 హెర్ట్జ్‌ల కరెంటును ఎలక్ట్రోడ్ల మధ్య పొరలోని ఉప్పునీటి గుండా పంపడం ఒకటి. కిలోహెర్ట్జ్‌ల స్థాయిలో కేబుల్ తీగచుట్టు పరిచి, చుట్టూ ఉన్న మట్టిలో సుడి విద్యుత్ప్రవాహాలు పుట్టించడం ఇంకొకటి, దాన్నే ప్రేరణ తాపనం అంటాం. మెగాహెర్ట్జ్‌లలో యాంటెనా దింపి రేడియో తరంగాలు ప్రసరింపజేయడం మూడోది. మైక్రోవేవ్‌లు దీనికే పై అంచు.

తరంగం ఎంత దూరం చొచ్చుకుపోతుందో చూడటానికి చేతిలెక్క ఒకటి ఉంది. పొర విశిష్ట నిరోధాన్ని (కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె) ఓమ్ మీటర్లలో తీసుకుని పౌనఃపున్యంతో భాగించి, వర్గమూలం తీసి, 503తో గుణిస్తే మీటర్లలో లోతు వస్తుంది. తడి ఇసుకరాయికి 10 ఓమ్ మీటర్లు అనుకోండి. 60 హెర్ట్జ్‌ల దగ్గర 200 మీటర్లు దాటుతుంది. 100 కిలోహెర్ట్జ్‌ల దగ్గర 5 మీటర్లు. 6.78 మెగాహెర్ట్జ్‌ల దగ్గర 60 సెంటీమీటర్లు. 2.45 గిగాహెర్ట్జ్‌ల దగ్గర ఈ సూత్రం వర్తించదు కానీ, తడి ఇసుకలో పది సెంటీమీటర్ల స్థాయిలోనే శక్తి అయిపోతుంది.

పౌనఃపున్యం పెంచితే వేడి చురుగ్గా పుడుతుంది, కానీ బావి పక్కనే ఆగిపోతుంది. తగ్గిస్తే దూరం వెళ్తుంది, కానీ పలచబడిపోతుంది. ఈ రంగంలో ప్రతి ప్రయోగమూ ఈ రెంటి మధ్య ఎక్కడ నిలబడాలో తేల్చుకోవడంతోనే మొదలవుతుంది.

ఖనిజపొర

తరంగం గారి అంకెలకు భూగర్భ కోణం ఒకటి చేరుస్తాను. వేడెక్కేది చమురు కాదు, నీరు. చమురు డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రానికి ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) 2 నుంచి 2.5 వరకే ఉంటుంది, ఇసుక రేణువులోని క్వార్ట్జ్‌ది సుమారు 4.5, నీటిది 80 చుట్టుపక్కల. చమురుకు విద్యుత్ వాహకత్వం దాదాపు లేదు. అథబాస్కా ఇసుకలో రేణువు చుట్టూ పలచని నీటి పొర, దాని బయట బిట్యుమెన్ ఉంటుందని సాధారణంగా చెబుతారు. శక్తి ఆ నీటి పొరలోకి దిగి అక్కడి నుంచి రేణువుకూ చమురుకూ పాకుతుంది. దూరం మైక్రాన్లలోనే కాబట్టి ఆ పాకడం క్షణంలో అయిపోతుంది.

అందువల్ల ప్రయోగశాలలో ఎండిన నమూనా పెట్టి "వేడెక్కలేదు" అన్నవారూ, నీళ్లు ఎక్కువ కలిపి "అద్భుతంగా వేడెక్కింది" అన్నవారూ పొర గురించి ఏమీ చెప్పడం లేదు. నీటి శాతం, ఉప్పు శాతం, బంకమన్ను శాతం, ఈ మూడూ లేకుండా వచ్చిన ఫలితాన్ని నేను పక్కన పెట్టేస్తాను.

కొత్తరిగ్

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. ఒక సందేహం. నీరే వేడెక్కుతుంటే, నీరు ఆవిరైపోయాక ఏమవుతుంది? వంటింటి మైక్రోవేవ్ ఓవెన్‌లో పదార్థం ఎండిపోయాక వేడెక్కడం తగ్గినట్టు, ఇక్కడా పని ఆగిపోతుందా?

తరంగం

ఆగిపోతుందా లేదా అన్నది పద్ధతిని బట్టి ఉంటుంది. మీరు అడిగిన ఈ ఒక్క విషయమే మూడు పద్ధతుల భవిష్యత్తునూ వేరు చేసింది.

ఎలక్ట్రోడ్ల పద్ధతిలో కరెంటు నడవాలంటే నీరు తెగకుండా ఉండాలి. స్తంభాకారపు ఎలక్ట్రోడ్ నుంచి కరెంటు చుట్టూ విచ్చుకుంటూ పోతుంది కాబట్టి, ఒక ఘనపు మీటరులో పుట్టే వేడి దూరపు వర్గానికి విలోమంగా పడిపోతుంది. ఎలక్ట్రోడ్ కేంద్రం నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర పుట్టే వేడి, మీటరు దూరంలో పుట్టేదానికి వంద రెట్లు. ఎలక్ట్రోడ్‌ను ఆనుకున్న నీరు ముందుగా మరుగుతుంది, ఆవిరవుతుంది, అక్కడ వలయం తెగిపోతుంది. మిగిలిన పొరంతా చల్లగానే ఉంటుంది. దీనికి మందు ఎలక్ట్రోడ్ చుట్టూ ఉప్పునీరు తిప్పుతూ ఉండటం. ఆల్బర్టాలో ఫోర్ట్ మెక్‌మరీ దగ్గర మూడు ఫేజుల కరెంటుతో నిలువు బావుల్లో చేసిన ప్రయోగం ఇలాగే నీటిని తిప్పింది.

రేడియో తరంగాలకు కథ తిరగబడుతుంది. యాంటెనా చుట్టూ ఎండిన భాగం తరంగానికి పారదర్శకం అవుతుంది. శక్తి అక్కడ వృథా కాకుండా దాటిపోయి, తడి మొదలయ్యే అంచును వేడి చేస్తుంది. ఆ అంచు ఎండితే ఇంకొంచెం ముందుకు. నేనిచ్చిన 60 సెంటీమీటర్లు తడి ఇసుకకు చెందిన అంకె మాత్రమే, ఎండిన భాగం పెరిగేకొద్దీ వేడి బావికి మీటర్ల దూరం జరుగుతుంది.

దీనికి చెల్లించాల్సిన మూల్యం వేరే ఉంది. తడి మట్టిలో ఉన్న యాంటెనాకూ, ఎండిన మట్టిలో ఉన్న యాంటెనాకూ ఇంపిడెన్స్ (మారే కరెంటుకు ఎదురయ్యే నిరోధం) ఒకటి కాదు. వారాలు గడిచేకొద్దీ అది మారుతూనే ఉంటుంది. ట్రాన్స్‌మిటర్‌ను దానికి తగ్గట్టు సరిచూస్తూ ఉండకపోతే శక్తి పొరలోకి వెళ్లకుండా కేబుల్‌లో వెనక్కి తిరుగుతుంది. వెళ్లేదీ తిరిగొచ్చేదీ కలిసి ఏర్పడే స్థిరతరంగాలకు కేబుల్‌లో కొన్ని చోట్ల వోల్టేజి పెరిగి ఇన్సులేషన్ కాలిపోతుంది. నన్నడిగితే, ఈ పద్ధతి జాతకమంతా ఆ కేబుల్లోనే ఉంది.

లెక్కలపుస్తకం

భౌతికశాస్త్రం బాగుంది. శక్తి లెక్క ఎవరూ వేయలేదు కాబట్టి నేను వేస్తాను. అంకెలు గుండ్రంగా తీసుకుంటున్నాను, తప్పనిపిస్తే మీ అంకెలు పెట్టి చూడండి.

ఒక ఘనపు మీటరు చమురు ఇసుక తీసుకుందాం. రంధ్రాలు 33 శాతం, వాటిలో చమురు 80 శాతం, అందులో బయటికి వచ్చేది 60 శాతం. చేతికి అందేది 0.16 ఘనపు మీటర్లు, అంటే సరిగ్గా ఒక బ్యారెల్ అంత. కాబట్టి ఒక బ్యారెల్ కోసం ఒక ఘనపు మీటరు ఇసుకను వేడి చేస్తున్నాం. దానికి డిగ్రీకి సుమారు 2.3 మెగాజౌళ్లు కావాలి. 10 డిగ్రీల నుంచి 210 డిగ్రీలకు తీసుకెళ్లాలంటే 460 మెగాజౌళ్లు, అంటే 128 యూనిట్ల కరెంటు. పైకప్పు రాతికి పోయేది సగం కలిపితే 190 యూనిట్లు. ఆ కరెంటును 45 శాతం సామర్థ్యంతో గ్యాస్ నుంచి తయారుచేస్తే గ్యాస్ రూపంలో 420 యూనిట్ల శక్తి.

ఇప్పుడు ఆవిరి. బ్యారెల్ చమురుకు మూడు బ్యారెళ్ల నీటిని ఆవిరి చేస్తున్నామనుకుంటే దాదాపు 480 కిలోల నీరు, కిలోకు 2.6 మెగాజౌళ్లు, బాయిలర్ సామర్థ్యం 85 శాతం. మొత్తం 405 యూనిట్లు.

రెండూ ఒకటే! గ్యాస్ కాల్చి కరెంటు చేసి, ఆ కరెంటుతో పొరను 210 డిగ్రీలకు తీసుకెళ్లే పథకంలో శక్తి పరంగా లాభం లేదు. పైగా బాయిలర్ కంటే ట్రాన్స్‌మిటర్, యాంటెనా ఖరీదైనవి. "రేడియో తరంగాలు నేరుగా లోపల వేడి చేస్తాయి కాబట్టి సమర్థవంతం" అని రాసేవాళ్లు విద్యుత్ కేంద్రంలో పోయే సగాన్ని లెక్కలో వేయడం లేదు.

నీటిచుక్క

లెక్కలపుస్తకం గారూ, మీ లెక్కతో పేచీ లేదు. కానీ అందులో నీటికి విలువ కట్టలేదు. ఆవిరి పద్ధతిలో బయటికొచ్చిన నీటిలో చాలా భాగం శుద్ధిచేసి మళ్లీ వాడతారు, నిజమే. ఆ శుద్ధి ప్లాంటుకు అయ్యే పెట్టుబడి, అందులో మిగిలే ఉప్పు మడ్డి, కొత్తగా తోడుకునే నీరు, ఇవన్నీ ఆ 405 యూనిట్ల పక్కన రాయాలి. పైగా కరెంటు గ్యాస్ నుంచే రావాలని ఏముంది? జలవిద్యుత్తో, గాలి విద్యుత్తో ఉన్నచోట కార్బన్ లెక్క పూర్తిగా మారిపోతుంది. బాయిలర్‌కు ఆ వెసులుబాటు తక్కువ.

లెక్కలపుస్తకం

ఒప్పుకుంటాను, కరెంటు మూలాన్ని బట్టి కార్బన్ మారుతుంది. పైగా పొర వేడెక్కడానికి నెలలు పడుతుంది కాబట్టి గాలి వీచినప్పుడే నడిపి మిగతా సమయం ఆపినా పెద్ద నష్టం లేదు. ఆ అనుకూలత గురించి ఎక్కువమంది రాయరు.

లోతుబావి

లెక్కలపుస్తకం గారి లెక్కలో 210 డిగ్రీలు అన్న చోట ఆగండి. మనకు అంత వేడి నిజంగా కావాలా?

స్నిగ్ధత తగ్గించడానికి వేడి ఒక్కటే దారి కాదు. ప్రొపేన్, బ్యూటేన్ లాంటి ద్రావణి కలిసినా బిట్యుమెన్ పలచబడుతుంది. చల్లటి పొరలో ద్రావణి ఒక్కటే పంపితే అది చమురులోకి ఇంకడానికి ఏళ్లు పడుతుంది, పాత ప్రయోగాలు నెమ్మదించింది అక్కడే. పొరను 60, 70 డిగ్రీలకు వెచ్చబెడితే ద్రావణి చురుగ్గా కలుస్తుంది. ఇప్పుడు అదే లెక్క మళ్లీ వేయండి: 10 నుంచి 70 డిగ్రీలకు 138 మెగాజౌళ్లు, 38 యూనిట్లు. నష్టం కలిపితే 57. గ్యాస్ రూపంలో 127 యూనిట్లు. ఆవిరి అంకెలో మూడో వంతు కూడా లేదు.

కెనడాలో సన్‌కోర్, నెక్సెన్, హారిస్ తదితర సంస్థలు కలిసి చేసిన ప్రయోగం ఈ ఆలోచన మీదే నడిచింది. పై బావిలో యాంటెనా, అదే బావి నుంచి ద్రావణి, కింది బావిలోకి చమురు. 2012లో స్టీప్‌బ్యాంక్ గనిలో, బయటపడి ఉన్న చమురు ఇసుక గోడలోకి అడ్డంగా యాంటెనా దింపి తొలి పరీక్ష చేశారు. తర్వాతి దశ డోవర్ దగ్గర, అంటే 1987లో ఆవిరి పద్ధతిని నిరూపించిన స్థలంలోనే.

ఇందులోనూ ఒక పెద్ద షరతు ఉంది. పంపిన ద్రావణిలో ఎంత తిరిగి చేతికొస్తుంది అన్నదే లాభనష్టాలు తేలుస్తుంది. పొరలో మిగిలిపోయిన ప్రతి బ్యారెల్ ద్రావణీ అమ్ముకోగల సరుకే. ఎక్కువగా కలిస్తే అస్ఫాల్టీన్లు (చమురులోని అతి బరువైన భాగాలు) విడిపోయి రంధ్రాలు మూసుకుపోయే అవకాశమూ ఉంది.

కొత్తరిగ్

అయితే తక్కువ పౌనఃపున్యం పద్ధతి పూర్తిగా పనికిరానిదేనా? 60 హెర్ట్జ్‌ల ప్రయోగాలు చాలాచోట్ల జరిగినట్టు చదివాను.

లోతుబావి

పనికిరానిది కాదు. అది చేయగలిగిన పనే వేరు. చమురు చిక్కగా ఉన్నా కాస్తో కూస్తో కదులుతున్న పొర తీసుకోండి. బావి వ్యాసార్ధం 0.1 మీటరు, దానికి చమురు అందించే మేర 100 మీటర్లు. చమురు అన్ని వైపుల నుంచీ బావికి చేరేటప్పుడు ఎదురయ్యే నిరోధం ఆ రెంటి నిష్పత్తి సహజ సంవర్గమానానికి అనులోమం: వెయ్యికి 6.9. అందులో బావి చుట్టూ తొలి 3 మీటర్లలోనే 3.4 ఉంది. వంద మీటర్ల దారిలో సగం కష్టం చివరి మూడు మీటర్లలోనే అన్నమాట. అక్కడ స్నిగ్ధతను పదో వంతుకు తగ్గిస్తే 3.4 కాస్తా 0.34 అవుతుంది, మొత్తం నిరోధం 6.9 నుంచి 3.85కు దిగుతుంది, ఉత్పత్తి దాదాపు 1.8 రెట్లు అవుతుంది. దీనికి పొరంతా వేడి చేయనక్కర్లేదు. బావి చుట్టూ మైనం పేరుకుపోయే చోట కూడా ఇది బాగా పనిచేస్తుంది.

అదే అథబాస్కా లాంటి చోట వంద మీటర్ల అవతలి బిట్యుమెన్ అసలు కదలనే కదలదు. మూడు మీటర్లు వేడి చేస్తే ఆ మూడు మీటర్ల చమురే వస్తుంది, తర్వాత బావి నిద్రపోతుంది. ఒకే పరికరం ఒక పొరలో విజయం, ఇంకో పొరలో వైఫల్యం అవడానికి కారణం ఇదే. సెమినార్‌లో ఈ తేడా చెప్పకుండా ప్రయోగాల పట్టిక మాత్రం పెట్టకండి.

ఖనిజపొర

చరిత్రలోంచి ఒక ముక్క. 1970లలో షికాగోలోని ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ రేడియో తాపనం మీద పనిచేసి, ఆ తర్వాత యూటాలో చమురు రాతి మీదా, తారు ఇసుక మీదా క్షేత్ర పరీక్షలు చేసింది. బోరు రంధ్రాల్లో వరుసలుగా ఎలక్ట్రోడ్లు నిలిపి, శక్తి ఆ వరుసల మధ్యే బందీగా ఉండేలా అమర్చారు. వేడి చేయడం సాధ్యమేనని అప్పుడే తేలింది. తర్వాత 1980ల మధ్యలో చమురు ధర కూలిపోవడంతో ఇలాంటి పథకాలు చాలావరకు అటకెక్కాయి.

ఆ పరిజ్ఞానం వృథా కాలేదు. అదే సూత్రంతో నేలలోకి ఇంకిన రసాయన కాలుష్యాన్ని వేడి చేసి ఆవిరిగా లాగేసే పనికి వాడారు. ఎలక్ట్రోడ్ల పద్ధతి కూడా అంతే, చమురు కంటే కాలుష్య నేలల శుద్ధిలో ఎక్కువ స్థిరపడింది. లోతు తక్కువ, పొర చిన్నది, కేబుల్ పొడవు పదుల మీటర్లు. అక్కడ నిలబడి ఇక్కడ తడబడటానికి ఈ మూడు తేడాలే ముఖ్యమని నా అభిప్రాయం.

తరంగం

ఖనిజపొర గారు చెప్పిన కేబుల్ పొడవు దగ్గరే అసలు విషయం ఉంది. కొన్ని వందల మీటర్ల లోతుకు, అక్కడి నుంచి కిలోమీటరు అడ్డంగా, మెగావాట్ల రేడియో శక్తిని పంపాలి. యాంటెనా మీటరుకు 2 కిలోవాట్ల చొప్పున కిలోమీటరుకు 2 మెగావాట్లు. రోజుకు 48,000 యూనిట్లు. లెక్కలపుస్తకం గారి 190తో భాగిస్తే రోజుకు 250 బ్యారెళ్లు, లోతుబావి గారి 57తో భాగిస్తే 840. ఆవిరి బావుల జంట ఇచ్చే ఉత్పత్తి స్థాయికి చేరాలంటే ద్రావణి తోడు కావాలని ఈ అంకె కూడా చెబుతోంది.

ఆ కేబుల్ ఉక్కు కేసింగ్ (బావి గోడకు దింపే గొట్టం) లోపల ఉంటే, ఆ ఉక్కే రేడియో శక్తిని మింగుతుంది. అందుకే యాంటెనా ఉన్న చోట లోహం కాని గొట్టం కావాలి. ఆ గొట్టం వేడినీ, పీడనాన్నీ, ద్రావణినీ, ఇసుక బరువునూ ఏళ్ల తరబడి తట్టుకోవాలి. ఒక్క అతుకులో నీటి బొట్టు దూరినా అక్కడ విద్యుత్ మెరుపు కొట్టి కేబుల్ పోతుంది. పైకి లాగి బాగుచేయాలంటే రిగ్ తెప్పించాలి. బాయిలర్ పాడైతే నేలమీద నిలబడి బాగుచేసుకోవచ్చు.

ఇటీవలి మార్పు ట్రాన్స్‌మిటర్లలో వచ్చింది. పాత ప్రయోగాల్లో వాక్యూమ్ ట్యూబులు శక్తిలో పెద్ద భాగాన్ని వేడిగా పోగొట్టేవి. సిలికాన్ కార్బైడ్ ట్రాన్సిస్టర్లు వచ్చాక తక్కువ పౌనఃపున్యాల్లో ఆ నష్టం బాగా తగ్గింది. కాల్గరీకి చెందిన యాక్సిల్‌వేర్ సంస్థ ఆల్బర్టాలోని మార్వేన్ దగ్గర ఇలాంటి ట్రాన్సిస్టర్లున్న ఇన్వర్టర్‌తో 2022లో పొరను వేడి చేయడం మొదలుపెట్టింది. అక్కడ విడిగా యాంటెనా ఉండదు, బోరులో సమాంతరంగా దింపిన వాహకాలే పొరకు శక్తినిస్తాయి. నేలమీది సమస్య తీరే దారిలో ఉంది. భూమి లోపలిది మిగిలింది.

నీటిచుక్క

ఇనుప ఆక్సైడ్ నానో కణాలు పొరలోకి పంపితే మైక్రోవేవ్‌లను బాగా పీల్చుకుంటాయని, చమురు లోపలే తేలికపడుతుందని ఈ మధ్య చాలా పరిశోధనా పత్రాలు వస్తున్నాయి. వాటిని ఎంతవరకు పట్టించుకోవాలి?

ఖనిజపొర

ప్రయోగశాల పాత్రలో పనిచేస్తాయి, ఆ మాట నిజం. పొరలో ఆ కణాలను ఎంత దూరం తీసుకెళ్లగలరన్నది అడగండి. పది లక్షల సెంటీపాయిజ్‌ల బిట్యుమెన్‌లోకి కణాలున్న ద్రవాన్ని తోయడానికి ముందుగా ఆ బిట్యుమెన్ వేడెక్కి ఉండాలి. బంకమన్ను కూడా ఆ కణాలను పట్టేసుకుంటుంది. బావి చుట్టూ మీటరు మేర శుభ్రం చేయడానికి పనికిరావచ్చు.

కొత్తరిగ్

చాలా స్పష్టత వచ్చింది. సెమినార్‌ను ఆవిరికి పోటీ అన్న కోణంలో కాకుండా, పలచని పొర, బలహీనమైన పైకప్పు, నీటి కొరత, ద్రావణితో జోడింపు అన్న కోణంలో మలుస్తాను. చివరిగా ఒకటి: పొరలో ఉష్ణోగ్రత పెరుగుతోందని ఎలా నమ్ముతారు? రేడియో శక్తి ఉన్న చోట థర్మోకపుల్ (లోహపు తీగలతో ఉష్ణోగ్రత కొలిచే సాధనం) సరైన అంకె చూపుతుందా?

తరంగం

చూపదు. లోహపు తీగ తానే యాంటెనాలా శక్తిని పట్టుకుని వేడెక్కుతుంది, చుట్టూ ఉన్న క్షేత్రాన్నీ చెదరగొడుతుంది. పరిశీలన బావుల్లో ఆప్టికల్ ఫైబర్ వాడాలి. దాని పొడవునా ప్రతి మీటరు దగ్గరా ఉష్ణోగ్రత చదవవచ్చు, రేడియో శక్తి గాజు తీగను ఏమీ చేయదు. థర్మోకపుల్ తప్ప దారి లేకపోతే ట్రాన్స్‌మిటర్ ఆపి, కాసేపు ఆగి చదవాలి. ఏదైనా ప్రయోగ నివేదికలో ఉష్ణోగ్రత పటం కనిపిస్తే, అది శక్తి నడుస్తుండగా తీసిందా, ఆపి తీసిందా, దేనితో తీశారు అన్నది చూడండి. ఆ వివరం లేకపోతే ఆ పటాన్ని సెమినార్‌లో పెట్టకండి.